పదకొండు ఖాళీ సీట్లు

ఏరా కన్నబాబూ, బీకాం మేనల్లుడా, ఇలా చూడు, నీకో పరీక్ష పెడతాను. ఈ గల్ఫ్‌కు వచ్చి సిత్రాలో ట్యాంకులకు రంగు వేయడానికి పనికొచ్చిన నీ డిగ్రీ దీనికి పనికొస్తుందేమో చూద్దాం. ఒక వ్యాను ఉంది. డ్రైవరు సీటు వదిలేస్తే పన్నెండు సీట్లు. పొద్దున బయలుదేరినప్పుడు ఒక్క సీట్లోనే మనిషి ఉంది, పదకొండు ఖాళీ. డ్రైవరు స్టీరింగు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు, బండి కదలడం లేదు, అతనికి చెమట మాత్రం కారుతోంది. ఏం జరిగి ఉంటుంది? చెప్పలేవులే. నీ బూట్లలో అరటితొక్కలు కుక్కిందెవరో మూడు నెలలుగా కనిపెట్టలేనివాడివి, ఇదేం చెబుతావు. నేనేరా కుక్కింది. ఇవాళ నిజాలు బయటపడే రోజులా ఉంది, అది కూడా తీసుకో. సాయంత్రం మీ క్యాంపుకు వచ్చి ఇదంతా నీతో చెబుదామా వద్దా అని ఇప్పటినుంచే మాటలు కూర్చుకుంటున్నాను, కానీ ఇది విన్నాక నువ్వు నవ్వుతావో, మొహం తిప్పుకుని లేచిపోతావో అర్థం కావడం లేదు. యాభై రెండేళ్ళ బతుకులో ఎదుటివాడు నవ్వుతాడో లేదో ముందే తెలియకపోవడం మీ అబ్బులు మావయ్యకు ఇదే మొదటిసారి.

పది దాటి నాలుగు నిమిషాలు. బడి వెనక సందు. గోడ నీడ వ్యాను ముక్కు దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది, నేనున్న చోటికి రానంటోంది. సెప్టెంబరు ఎండ. ఏసీ వేద్దామంటే ఇంజను చప్పుడుకు వాచ్‌మన్ వచ్చి బండి తీయమంటాడేమోనని భయం. ఈ గోడ అవతల ఏదో ఒక గదిలో నా చెల్లెలు సత్యదుర్గ కూతురు, లక్ష్మిప్రసన్న, కూర్చుని పరీక్ష రాస్తోంది. తొమ్మిదేళ్ళ పిల్ల. బడి లోపల ఎలా ఉంటుందో ఇవాళే చూస్తోంది. తండ్రన్నవాడు, ఆ రాజమండ్రి మనిషి, పిల్ల పుట్టకముందే విమానం ఎక్కేశాడు. పెళ్ళి కాగితం లేదు, అందుకని పుట్టిన కాగితం లేదు, అందుకని పాస్‌పోర్టు లేదు, అందుకని ఏ బడికి తీసుకెళ్ళినా కౌంటరు దగ్గరే కథ ఖలాస్. ఇవాళ పదకొండింటికి ఈ గేటు తెరుచుకుని ప్రసన్న బయటికి వస్తుంది. సీటు వచ్చిందో రాలేదో ఆ మొహం చూస్తే తెలిసిపోతుంది. మీ పిన్ని పొద్దున పిల్లకు జడ వేస్తూ రిబ్బను మూడుసార్లు కట్టి మూడుసార్లు విప్పింది. తర్వాత రిబ్బను నా చేతికిచ్చి, “నువ్వు కట్టన్నయ్యా, నా సేతులు ఆడతాలేదు” అంది. నేను కట్టాను. గుర్రం తోకలా ఉందని ప్రసన్న నవ్వింది. నవ్వింది కదా, పరీక్ష బాగా రాస్తుంది. ఏడుపు మొహంతో వెళ్ళిన పిల్ల కూడికలో తప్పులు చేస్తుంది. ఇది నా లెక్క, బీకాంలో చెప్పరు.

అద్దంలో వెనక సీట్లు కనిపిస్తున్నాయి. అద్దాన్ని పైకి తిప్పాను, ఇప్పుడు వ్యాను కప్పు కనిపిస్తోంది. కప్పు మీద ఎవరో పిల్ల పెన్సిలుతో పువ్వు గీసింది. ఎప్పుడు గీసిందో, ఎంత పొడుగు చేయి సాచిందో. మళ్ళీ అద్దాన్ని కిందికి తిప్పాను.

ఆ సీట్లలో కూర్చునేవాళ్ళు ఎవరో నీకు తెలియదు కదా. ముహర్రక్‌లో మా ఇంటికి రెండు సందుల అవతల కమరున్నిసా అని హైదరాబాదావిడ కుట్టుకొట్టు ఉంది. దాని పైగదిలో రెండేళ్ళ నుంచీ బడి నడుస్తోంది. బోర్డు లేదు, గంట లేదు. ప్రసన్నలాంటి పిల్లలే పన్నెండు మంది. వాళ్ళ అమ్మల్లో ఒకావిడది ఇథియోపియా, ఒకావిడది శ్రీలంక, ఇద్దరు కెన్యావాళ్ళు, ఒకావిడ బంగ్లా, మనలాంటి గోదారివాళ్ళు. ఎవరి దేశం వేరైనా అందరి పిల్లలకూ లేనిది ఒకటే, కాగితం. బడి నడిపేది నలుబేగా టీచరు. ఉగాండాలో మసాకా అనే ఊరామె. అక్కడ పద్నాలుగేళ్ళు పాఠాలు చెప్పింది. ఇక్కడ టీచరు ఉద్యోగమని ఏజెంటు విమానం ఎక్కించాడు, దిగాక చేతికి సెక్యూరిటీ యూనిఫాం ఇచ్చారు. ఏ బడికో తెలుసా, ఇదే బడికి. ఇదే గేటుకు. లోపలికి పిల్లలు వెళుతుంటే గేటు తీసి, గేటు వేసి, మిగతా టైంలో నిలబడి కిటికీలోంచి వినిపించే పాఠంలో తప్పులు వెతికేదట. కాగితాల్లేని అమ్మలు పిల్లల్ని పట్టుకుని వచ్చి, ఏడ్చుకుంటూ వెనక్కి పోవడం కూడా ఆ గేటు దగ్గరే చూసింది. మూడో ఏడు ఉద్యోగం వదిలేసి, సాయంత్రాలు ఆఫీసులు తుడిచే డ్యూటీ పట్టుకుని, పగలు ఈ పిల్లల్ని పోగేసింది. ముహర్రక్ కదా, విమానాశ్రయం పక్కనే, నెత్తి మీదే విమానాలు. విమానం వస్తే ఆవిడ మాట్లాడుతున్న మాట సగంలో ఆపేస్తుంది. అది పోయేదాకా సుద్దముక్క గాల్లోనే ఉంటుంది. పోయాక ఆగిన చోటునుంచే మిగతా సగం మాట చెబుతుంది. ఒక్కోసారి నేను మెట్ల మీద కూర్చుని ఆ మిగతా సగం కోసం ఎదురుచూసేవాణ్ణి.

మొదట్లో నేనేం చేశానో తెలుసా. మా లాండ్రీ కంపెనీవాళ్ళని పొద్దున దింపి, మధ్యాహ్నం తెచ్చేదాకా వ్యాను ఖాళీ కాబట్టి పిల్లల్ని తిప్పమని దుర్గ అడిగింది, సరేనన్నాను. మొదటిరోజు ఆవిడను చూసి మనవాళ్ళ దగ్గర తెలుగులో “బొగ్గు మేడం” అని పేరు పెట్టాను. అందరూ పడీపడీ నవ్వారు. ఆవిడకు తెలుగు రాదు కదా అనుకున్నాను. ప్రసన్నకు వచ్చు కదా. మర్నాడు నేను వ్యాను కిటికీ మీద చేయి పెట్టి కూర్చుంటే ఆవిడ వచ్చి తన చేయి నా చేతి పక్కన పెట్టి, రెండూ చూసి, మనందరం ఇక్కడ మాట్లాడే ఆ గల్ఫ్ హిందీలో నింపాదిగా చెప్పింది. “అబ్బులు భాయ్, నువ్వూ బొగ్గే. కాస్త తక్కువ కాలావు, అంతే.” పిల్లలు నవ్వారు, నేనూ నవ్వాను. చెవులు మాత్రం కాలిపోయాయి. ఆ మంట నాకు కొత్త కాదు. ఎక్కడిదో తెలుసు. తెలిసినా అటు వెళ్ళలేదు, కిటికీ అద్దం ఎత్తేసి బండి పోనిచ్చాను.

పదీ పన్నెండు. లోపల గంట మోగింది. మళ్ళీ మోగింది. పిల్లల అరుపులు ఒక్కసారి లేచి, ఎవరో మూత పెట్టినట్టు ఆగిపోయాయి. ప్రసన్న ఎన్నో ప్రశ్న మీద ఉందో. పెన్సిలు చెక్కుకుందా, రెండు పెన్సిళ్ళు ఇచ్చానా ఒకటేనా. నీళ్ళు అడగడానికి సిగ్గుపడుతుందేమో. నలుబేగా టీచరు పక్కనే ఉంది కదా. ఆవిడ పక్కన ఉండటమే భయం నాకు. చెప్తాను ఆగు.

పోయినేడు ఇంకో బడివాళ్ళు రమ్మన్నారు. పన్నెండు మందీ తెల్లచొక్కాలు వేసుకున్నారు, ముడతల్లేకుండా లాండ్రీలో నేనే ఇస్త్రీ చేయించాను. నలుబేగా టీచరు బుజానికి ఫైలు సంచీ వేసుకుని ముందు నడిచింది. గేటు దగ్గర వాడు ఆవిడను చూసి, “క్లీనింగ్‌వాళ్ళు వెనక గేటు” అన్నాడు. ఆవిడ “నేను టీచర్ని” అంది. వాడు మళ్ళీ “వెనక గేటు” అన్నాడు. అలా నాలుగుసార్లు. ఐదోసారి లోపలినుంచి ఒక అమ్మగారు వచ్చి, పిల్లల వరస చూసి, “ఇంతమందా” అంది. అంతే. ఆ మాట తర్వాత గేటు ఎలా మూసుకుందో కూడా చప్పుడు వినపడలేదు. నేను ఇంటికి పోదాం రమ్మన్నాను. ఆవిడ రాలేదు. పిల్లల్ని ఫుట్‌పాత్ మీద వరసగా కూర్చోబెట్టి, ఆ గోడకే సుద్దతో తీసివేతలు రాసి, పన్నెండింటి దాకా పాఠం చెప్పింది. పోలీసులొస్తే ఈ పిల్లల అమ్మలందరూ ఒక్కరోజులో విమానాలెక్కాలి. నేను వ్యాను తాళాలు పట్టుకుని రోడ్డుకు రెండువైపులా చూస్తున్నాను. ఆవిడేమో ఒక పిల్ల సమాధానం తప్పు చెబితే చెరిపి మళ్ళీ చెప్పించింది. పాఠం అయ్యాక లేచి బట్టలు దులుపుకుని, “ఇప్పుడు వెళదాం” అంది. ఆ అమ్మగారన్న మాట ఒక్కటే నాలో ముల్లులా దిగింది. ఇంతమందా. పన్నెండు మంది కాకుండా ఒక్క పిల్లను తీసుకెళ్ళి ఉంటే ఆ అమ్మగారు ఏమనేది? బహుశా పిల్ల ముద్దుగా ఉంది, లోపలికి రా అనేదేమో.

అందుకే సోమవారం ఈ బడి ప్రిన్సిపాల్ టీచరుకు ఫోన్ చేసి, ఆవిడ పిల్లలచేత రాయించి పంపినవాటిలో ప్రసన్న ఉత్తరం బాగుంది, ఆ ఒక్క పిల్లకు పరీక్ష పెట్టి, సీటివ్వడానికి చూస్తానందని తెలియగానే, నేను కుట్టుకొట్టు మెట్ల మీద గంతులేశాను. నలుబేగా టీచరు మాత్రం, “పన్నెండు మందినీ తెస్తాను” అని ఫోన్లోనే చెప్పేసిందట. నేను వెళ్ళి అడుక్కున్నాను కన్నబాబూ. నిజంగానే అడుక్కున్నాను. “ముందు ఈ ఒక్కదాన్నీ పడనీ టీచర్. తర్వాత మెల్లిగా మిగతావాళ్ళని చూసుకుందాం. ఇంతమందిని చూస్తే మళ్ళీ గేటేసేత్తారు” అని. అరటికాయ ముక్కలు తరుగుతోంది ఆవిడ, మన కూర అరటికాయలే, వాళ్ళూ అన్నంలా తింటారు. కత్తి ఆపలేదు. “మా ఊళ్ళో ఆ ఒక్క సీటూ నాదే అబ్బులు భాయ్” అంది. “మిషను బడివాళ్ళు వచ్చి, మా ఇంట్లో ఐదుగురు ఆడపిల్లల్లో నన్నొక్కదాన్నే తీసుకెళ్ళారు. నా నలుగురు చెల్లెళ్ళు గేటు పట్టుకుని నిలబడ్డారు. ఒకరిని లోపలికి తీసుకున్నాక గేటుకు మనసు కుదుటపడిపోతుంది. ఇంక ఎవరికోసమూ తెరుచుకోదు.” అంతే, తర్వాత ఉల్లిపాయ తీసుకుంది. ఆవిడ ఎంత వినయమైన మనిషో నీకు తెలియదు. మా లాండ్రీలో ముసలయ్య తాత ఎదురైతే రోడ్డు మీదే మోకాళ్ళ మీద కూర్చుని పలకరిస్తుంది, వాళ్ళలో పెద్దవాళ్ళకు అలాగే దణ్ణం పెడతారట. అలాంటి మనిషి బడివాళ్ళ బల్లల ముందు మాత్రం మెడ వంచదు. ఆ మెడ చూస్తే నాకు ముచ్చటా వేసింది, కోపమూ వచ్చింది. ఆ మెడ వల్ల నా పిల్ల సీటు పోతుంది కదా అని.

పదీ ఇరవై. చెమట కళ్ళలోకి దిగుతోంది. ఇప్పుడు చెబుతాను, విను. తెల్లారి లేచి పార్కింగులో నిలబడి పిల్లల అమ్మల గ్రూపులో ఒక వాయిస్ పెట్టాను. మన మాటలన్నీ వాయిస్‌లే కదా, ఎవరికి ఏ అక్షరాలొచ్చో ఎవరికి రావో. బండి ఎప్పుడొస్తుందో, ఎక్కడ ఆగుతుందో చెప్పే గొంతు నాదే. ఆ గొంతుతోనే, “ఆజ్ నై. కల్. కల్ దస్ బజే స్కూల్. ఆజ్ సబ్ ఘర్ మే” అన్నాను, ఇవాళ కాదు, రేపు పదింటికి బడి, ఇవాళ అందరూ ఇంట్లోనే ఉండండి అని. ఎనిమిది సెకన్లు. తర్వాత ఎవరూ ఫోన్ చేసి ఎందుకని అడగకుండా ఫోన్ ఆపేసి, సీటు కింద పడేశాను. అమ్మలందరూ ఎవరి ఇళ్ళలో వాళ్ళు పనిలో ఉంటారు, పిల్లలు తెల్లచొక్కాలు విప్పేసి ఆడుకుంటూ ఉంటారు, రేపు వచ్చేసరికి ప్రసన్న సీటు ఖాయమై ఉంటుంది. పది కావస్తుండగా ఈ వెనక గేటు దగ్గర ప్రసన్నను దింపాను. నలుబేగా టీచరు బయటికి వచ్చింది. వ్యాను లోపలికి తొంగి చూసింది. ఒక్కొక్క సీటూ చూసింది, ముందునుంచి వెనకదాకా, హాజరు పిలుస్తున్నట్టు. “మిగతావాళ్ళు?” అంది. నా నోట్లోంచి ముందుగా అనుకోని మాట వచ్చింది. “వాళ్ళమ్మలు భయపడ్డారు టీచర్. ఇవాళ రామన్నారు.” ఆవిడ నా మొహంలోకి చూసింది. ప్రసన్న చేయి పట్టుకుని లోపలికి వెళ్ళింది, వెళుతూ ఆవిడ నడక కొంచెం మెల్లగా ఉంది. తలదించుకుందా? లేదు, దించుకోలేదు. నేనే అలా చూశానేమో.

నేను చేసినవన్నీ నవ్వులాటలేరా. పెళ్ళిపందిట్లో వియ్యంకుడి చెప్పులు దాచడం, నీ బూట్లు, ముసలయ్య తాత పళ్ళసెట్టు ఐసు డబ్బాలో పెట్టడం. వాటిల్లో చివరికి అందరూ నవ్వేవారు. ఇందులో చివర ఎక్కడుంది? రేపు పదింటికి ఆ పదకొండు మంది తెల్లచొక్కాలు వేసుకుని గుమ్మాల్లో నిలబడితే, అప్పుడు నేనేం చెప్పాలి, భలే ఏప్రిల్ ఫూల్ చేశాననా?

నా చదువు ఎక్కడ ఆగిందో నీకు కథలా చెప్పాను కదా, ఎన్నిసార్లు చెప్పానో. నాలుగో తరగతిలో నేనూ శ్రీనివాసరాజూ కలిసి మాస్టారి పంచె కొంగు కుర్చీకి కట్టేశాం. ఆయన లేచాడు, కుర్చీ కూడా లేచింది. అక్కడ ఆపేస్తాను, అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. ఆ తర్వాతది ఎవరికీ చెప్పలేదు. మీ అమ్మకు కూడా తెలియదు. మా పేట పిల్లలం గుమ్మం దగ్గర కూర్చునేవాళ్ళం. మాస్టారు మా పలకలు దిద్ది చేతికి ఇచ్చేవాడు కాదు, నేలమీద పెట్టి వేలితో చూపించేవాడు. ముడి వేసింది ఇద్దరం. రాజుగారి పిల్లాడికి చెవి మెలేశాడు. నాకు పేరు కొట్టేశాడు. రిజిస్టరులో నా పేరు మీద ఎర్రసిరాతో గీత. మర్నాడు మీ అమ్మమ్మ నరసాయమ్మ నన్ను వెంటబెట్టుకుని బడికి వచ్చింది. అరుగు ఎక్కకూడదు, కింద నిలబడింది. “అయ్యగారండీ, సిన్నోడండీ, ఈ ఒక్కసారికండీ” అంటూ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. ఆయన కిటికీలోంచి కనపడుతూనే ఉన్నాడు, పాఠం చెబుతూనే ఉన్నాడు, ఇటు తిరగలేదు. గంటసేపు. నేను అమ్మ చీర పట్టుకుని అమ్మ కాళ్ళవైపు చూస్తూ ఉన్నాను, కాలి మీద చీమ పాకుతుంటే విదిలించలేదు అమ్మ. బడి గంట కొట్టారు, పిల్లలందరూ మా పక్కనుంచి పరిగెత్తుకుంటూ ఇళ్ళకు పోయారు, శ్రీనివాసరాజు నన్ను చూసి చేయి ఊపాడు. మేమూ ఇంటికి వచ్చేశాం. దారిలో అమ్మ, “పంచె ముడి గట్టిగా ఏసేవేట్రా?” అంది. గట్టిగానే వేశానన్నాను. అమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. అప్పటినుంచీ నవ్వుతూనే ఉన్నాను.

నలభై మూడేళ్ళ తర్వాత ఇవాళ పొద్దున నేను పదకొండు పేర్లు కొట్టేశాను కన్నబాబూ. నాకు ఎర్రసిరా కూడా అక్కర్లేకపోయింది. ఎనిమిది సెకన్ల గొంతు చాలింది.

పదీ ముప్పై రెండు. తాళం తిప్పాను. ఇంజను లేచింది. ముహర్రక్‌కు ఇరవై నిమిషాలు, రావడానికి ఇరవై, ఎక్కించుకోవడానికి ఐదు. పదకొండుంబావుకు తేగలను. పరీక్ష అయిపోతుంది. అయిపోయినా గేటు దగ్గరికైనా తేగలను. ఇంతమందా అంటే అననీ. బండి సందు చివరి దాకా పోనిచ్చాను. మెయిన్ రోడ్డు. కుడివైపు తిరిగితే ముహర్రక్ వంతెన దారి. ఇండికేటరు వేశాను. టిక్కు టిక్కు టిక్కు. పదకొండింటికి ప్రసన్న బయటికి వస్తే వ్యాను ఉండదు. ఏడుస్తుంది. ఆ పదకొండు మందినీ చూసి ప్రిన్సిపాల్ మనసు మార్చుకుంటే? దుర్గ మళ్ళీ రిబ్బను కడుతూ విప్పుతూ ఉండిపోతుంది. తొమ్మిదేళ్ళుగా ఆ ఇంట్లో ఈ ఇంట్లో గిన్నెలు తోముతూ, ఆ ఇళ్ళ పిల్లల స్కూలు బ్యాగులు సర్దుతూ బతికిన మనిషి అది. ఒక్క బ్యాగు తన పిల్లకు సర్దుకోవాలనుకోవడం తప్పా. తప్పు కాదు. మరి ఆ పదకొండు మంది అమ్మలు సర్దేది ఎవరి బ్యాగులు? వెనక కారువాడు హారన్ కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. నేను ఎటూ తిరగలేకపోయాను. ఇండికేటరు ఆపి, రివర్సులో అదే సందులోకి, అదే గోడ పక్కకు, అదే ఎండలోకి వచ్చేశాను. పిరికివాణ్ణి అనుకో. అనుకో, నాకేం. నేనూ అదే అనుకుంటున్నాను.

వ్యాను లోపల కూర్చోలేక దిగాను. తలుపు పట్టుకుంటే చేయి కాలింది. గేటు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. లోపల ఏదో క్లాసు కలిసి పద్యంలా ఏదో చదువుతోంది, ఇంగ్లీషో అరబ్బీనో. టైం చూడలేదు. నీడలో నిలబడవచ్చు, కానీ ఎండలోనే నిలబడ్డాను. వాచ్‌మన్ ఏమిటన్నట్టు చూశాడు. లోపల మా పిల్ల ఉందన్నాను. వాడు తల ఊపాడు, కుర్చీ కాస్త జరిపి కూర్చోమన్నాడు. కూర్చోలేదు.

గేటు తెరుచుకుంది.

ముందు ప్రసన్న. రిబ్బను ఊడిపోయి మెడ మీద వేలాడుతోంది. మొహం చూశాను, నాకు ఏమీ తెలియలేదు, ఎందుకంటే దాని వెనక ఇంకో మొహం ఉంది. దాని వెనక ఇంకోటి. తెల్లచొక్కాలు. కెన్యా అక్కాచెల్లెళ్ళు, శ్రీలంక పిల్ల, బంగ్లా పిల్లాడు, పళ్ళూడిన ఇథియోపియా పిల్ల. వ్యాను ఎక్కించేటప్పుడు లెక్కపెట్టినట్టే వేలితో లెక్కపెట్టాను. పన్నెండు. మళ్ళీ లెక్కపెట్టాను.

“ఏంటి మావయ్యా, ఎండలో నుంచున్నావు?” అంది ప్రసన్న.

“ఈళ్ళంతా ఎలా వచ్చారే?”

“టాక్సీల్లో. నీ బండి రాలేదని, ఫోన్ ఎత్తట్లేదని, కమరున్నిసా ఆంటీ మూడు టాక్సీలు పిలిచి ఎక్కించింది. ముందు గేటు కాడ దిగారు.”

“రేపని సెప్పాను కదే అందరికీ.”

“ఆయ్, ఇన్నాం. వీళ్ళు తెచ్చిన ఫోన్లో లోపల మళ్ళీ పెట్టుకుని ఇన్నాం.” ఇథియోపియా పిల్ల నా గొంతు అనుకరిస్తూ “ఆజ్ సబ్ ఘర్ మే” అంది, అందరూ పగలబడి నవ్వారు. “మొన్నేమో వ్యాను ఈతకెళ్ళిందన్నావు. అంతకుముందు టీచర్‌కి మీసాలొచ్చాయి, సెలవన్నావు. నువ్వు సెప్పేది ఎవరు నమ్ముతారు మావయ్యా.”

నలుబేగా టీచరు చివర వచ్చింది. చేతిలో ఒక కాగితం, నాలుగు మడతలు పెట్టి, వేళ్ళ మధ్య గట్టిగా పట్టుకుని. పిల్లల్ని వ్యాను ఎక్కమని, వాళ్ళు ఎక్కేదాకా ఆగి, అప్పుడు నాతో మెల్లగా మాట్లాడింది. పొద్దున తొమ్మిదింటికి ఈ బడి పెద్దల దగ్గరనుంచి ప్రిన్సిపాల్‌కు జవాబు వచ్చిందట. కాగితాల్లేని ఒక్క పిల్ల కోసం రూలు తప్పడానికి కుదరదు, ఆ పిల్లకు సీటు లేదు. కానీ అలాంటి పిల్లలు పదిమందికి తగ్గకుండా ఉంటే వాళ్ళకు విడిగా ఒక క్లాసు తెరవచ్చు, ఒక ఏడాది చూస్తారు, ఆ క్లాసుకు టీచరుగా ఆవిడనే పెట్టుకుంటారు.

“పదింబావుకు ప్రిన్సిపాల్ నన్నడిగింది, ఎంతమంది ఉన్నారు అని” అంది ఆవిడ. “కుర్చీలో ప్రసన్న ఒక్కతే ఉంది. దారిలో ఉన్నారన్నాను. ఆవిడ గడియారం చూసింది. ఫైలు మూసింది. ప్రసన్న చేతిలో పెన్సిలు కూడా తీసుకోబోయింది. అప్పుడు తలుపు తెరుచుకుంది. పన్నెండు మందినీ లెక్కపెట్టుకుని, ఈ కాగితం మీద సంతకం పెట్టింది.”

“వత్తారని నీకు తెలుసా టీచర్?”

“తెలియదు. వాళ్ళమ్మలు భయపడ్డారని నువ్వే కదా చెప్పావు.”

నేను నేల చూశాను. ఆ ఎనిమిది సెకన్లను ఒక్కరైనా నమ్మి ఉంటే, ఇద్దరు ముగ్గురు నమ్మి ఉంటే, ఆ పెన్సిలు పోయేది. నా పిల్ల చేతిలోంచే పోయేది. ఆవిడకు అంతా తెలుసని ఆ నిలబడటంలోనే తెలిసిపోతోంది. తిడుతుందేమోనని చూశాను, తిడితే బాగుండేది.

“వాళ్ళందరికీ నువ్వే చెప్పు” అంది. “ఆదివారం పొద్దున ఏడింటికి బడి అని. నీ గొంతుతోనే చెప్పు.”

వ్యాను ఎక్కాను. పన్నెండు సీట్లూ నిండి, అరుపులు, పెన్సిళ్ళు, చెమట వాసన. సీటు కింద చేయి పెట్టి ఫోను తీసి ఆన్ చేశాను. గొంతు సవరించుకుంటే పిల్లలు అప్పుడే కిసుక్కుమన్నారు. బటను నొక్కి, అక్షరం అక్షరం ఆపి చెప్పాను. పన్నెండు మందికీ సీటు వచ్చింది. ఆదివారం నుంచి బడి. ఇది నిజం. అబ్బులు చెబుతున్నాడు, నిజం.

ఒక నవ్వు బొమ్మ వచ్చింది. ఇంకోటి. కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వే బొమ్మలు వరసగా నాలుగు. తర్వాత ఒక వాయిస్, మా దుర్గది. వెనక ఎవరింట్లోనో నీళ్ళు పడుతున్న చప్పుడు, గిన్నెల చప్పుడు, అన్నిటి మధ్యా దాని గొంతు.

“అన్నయ్యా, పిల్లని తీసికెళ్తూనే రేపన్నావు, ఇప్పుడేమో ఆదివారం అంటన్నావు. నేను పనిలో ఉన్నాను. నన్నెంతైనా ఆటపట్టించు, పడతాను. ఈ ఒక్క ఇసయంలో మాత్రం జోకులెయ్యకు అన్నయ్యా, నీకు దణ్ణం పెడతాను.”